పచ్చరంగు పడిన కళ్ళజోళ్ళ షాపు

"కొంచెం పక్కకు జరుగుతారా? మీరు ఫ్రేములో పడుతున్నారు."

"ఈ వీధిలో ఫ్రేములు అమ్మేది నేనొక్కదాన్నే. మీకెలాంటిది కావాలో చెప్పండి."

ఇదీ తొలి పరిచయం. ప్రేమ కథకు పనికొచ్చే పరిచయం కాదని అతను ఆ సాయంత్రమే తీర్మానించేసుకున్నాడు. అతని తీర్మానాలకు ఎంత విలువుందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

అతను ప్లానర్. ఊరు ఎలా ఉందో చూడకుండా, ఎలా ఉండాలో చెప్పే ఉద్యోగం అది. ఆ ఊరి పెద్ద రోడ్డు మధ్యలో బస్సులకు మాత్రమే ఒక ప్రత్యేకమైన దారి వేస్తున్నారు. అందులో కార్లు, స్కూటర్లు దూరడానికి వీల్లేదు. బస్సులు ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా రైళ్ళలా దూసుకుపోతాయన్నమాట. దాన్ని కారిడార్ అంటారు. కారిడార్ ఒక్కటీ వేసి ఊరుకుంటే ఆఫీసుకు తృప్తి ఉండదు కాబట్టి, స్టాపుల చుట్టుపక్కల వీధుల్ని కూడా అభివృద్ధి చేయాలి. ఏ వీధికి ఎంత అభివృద్ధి పెట్టాలో మ్యాపు మీద రంగులు వేసి చూపించడం మన ప్లానర్ పని.

ఆ రంగులకొక పద్ధతుంది. ఇళ్ళకు పసుపు, షాపులకు ఎరుపు, ప్రభుత్వ ఆస్తికి బూడిదరంగు. తీసేయాలనుకున్న వాటికి పచ్చ. పచ్చ అంటే పార్కు, పార్కు అంటే గాలీ వెలుతురూ. ఎర్రగీత గీస్తే జనం కోర్టుకు పోతారు, పచ్చరంగు వేస్తే చప్పట్లు కొడతారు అనేది వాళ్ళ డైరెక్టర్ గారి సిద్ధాంతం. ఆయన సర్వీసంతా ఆ ఒక్క సిద్ధాంతం మీదే నెట్టుకొచ్చాడు.

ఒకరోజు పొద్దున్న మన ప్లానర్ ఏసీ గదిలో కాఫీ తాగుతూ శాటిలైట్ ఫొటోలో ఒక వరస రేకుల కప్పులు చూశాడు. తుప్పు పట్టి ఉన్నాయి. స్టాపుకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. బస్సు దిగినవాళ్ళు నిలబడటానికి, సైకిళ్ళు పెట్టుకోవడానికి, ఆటోలు ఆగడానికి అక్కడొక ప్లాజా ఉంటే ఎంత బాగుంటుందో అనుకున్నాడు. కాఫీ పూర్తయ్యేలోపు వరసంతా పచ్చబడింది.

తరవాత ఫొటోలు తీసుకుందామని కెమెరా పట్టుకుని వెళ్ళాడు. ఆ పచ్చరంగుకొక తలుపు ఉంటుందని, తలుపు మీద గుమ్మమంత కళ్ళజోడు బొమ్మ ఉంటుందని, దాని కింద చేతులు కట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంటుందని శాటిలైట్ చెప్పలేదు మరి.

ఆ అమ్మాయి జరగలేదు. నా షాపు ముందు నేను నిలబడటానికి మీ పర్మిషన్ తీసుకోవాలా అని అడిగింది. అతను ఎడం పక్కనుంచి తీశాడు, ఆమె ఉంది. కుడి పక్కనుంచి తీశాడు, అక్కడికీ వచ్చింది. పక్క షాపు టైలర్ బాబాయ్ పన్నుల వాళ్ళొచ్చారనుకుని షట్టర్ సగం దించేసి లోపల కుక్కిన పేనులా కూర్చున్నాడు. మిగతా వాళ్ళు వీపులు తిప్పేశారు. చివరికి వీధంతా తీసిన ఫొటోల్లో మొహం కనబడే మనిషి ఆమె ఒక్కతే మిగిలింది.

మర్నాడు సర్వే ప్రశ్నలు అడగాలని మళ్ళీ వెళ్ళాడు. వీధిలో అన్ని షాపులుండగా ముందు కళ్ళజోళ్ళ షాపుకే ఎందుకెళ్ళాడంటే, అది మొదట్లో ఉందట. అది చివర్నుంచి రెండోది.

మీరు వారానికి ఎన్నిసార్లు ప్రయాణిస్తారని అడిగితే, షాపుకు రావాలి కాబట్టి రోజూ ప్రయాణిస్తున్నానని చెప్పింది. ప్రయాణంలో మీకెదురయ్యే ఇబ్బంది ఏమిటని అడిగితే, దారిలో అడ్డం నిలబడి ప్రశ్నలు అడిగేవాళ్ళు అని చెప్పింది. అతను నోరు మూసుకుని దాన్ని 'ఇతరములు' కింద రాసుకున్నాడు.

వెళ్ళిపోవచ్చు కదా. వెళ్ళలేదు. తనకీమధ్య తలనొప్పి వస్తోందని, ఓసారి కళ్ళు చూపించుకోవాలని ఉందని చెప్పాడు.

ఆమె కళ్ళ పరీక్షలు చేయడం చదువుకున్న మనిషి. లోపల చీకటి గదిలో కొత్తగా వేయించుకున్న కుర్చీలో అతన్ని కూర్చోబెట్టి, ఎదురుగా అక్షరాల పలక పెట్టి చదవమంది. అతను పైనుంచి గడగడా చదువుకుంటూ వచ్చి, ఉత్సాహం ఆపుకోలేక అట్టడుగున ఆ పలక అచ్చు వేసిన ప్రెస్సు పేరు కూడా చదివేశాడు.

"మీ కళ్ళు బంగారం," అంది ఆమె లైటు వేస్తూ. "ఇంత బాగా కనబడేవాళ్ళకి కూడా షాపు ముందు నేను అడ్డంగా ఎందుకు కనిపించానో అర్థం కావడం లేదు."

అతను పవర్ లేని కళ్ళజోడు ఒకటి కొనుక్కుని బయటపడ్డాడు.

అది మొదలు ఆ కళ్ళజోడుకు లేని రోగం లేదు. ఒకరోజు స్క్రూ వదులైంది. ఇంకోరోజు ముక్కు దగ్గర ఒత్తుకుంటోంది. ఇంకోరోజు అద్దాలు తుడుచుకునే గుడ్డ పోయింది. ఆమె నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఇదంతా గమనిస్తూ ఉండేవాడు. ఆయన జీవితమంతా ఊరివాళ్ళకు కళ్ళజోళ్ళు పెట్టి, తన జోడు మాత్రం నుదుటి మీద పెట్టుకుని బల్ల కింద వెతుక్కునే మనిషి. అయినా కనబడాల్సినవి కనబడేవి.

"ఆ అబ్బాయి జోడుకి స్క్రూలు వాటంతటవి ఊడటం లేదమ్మా," అన్నాడొకరోజు.

"తెలుసు నాన్నా. ఊడదీసుకుని వస్తున్నాడు. స్క్రూడ్రైవర్ జేబులోంచి కనబడుతోంది."

"మరి నువ్వేమీ అనవేం?"

"బిగించడం నా వృత్తి. అంటే ఎలా?" అని ఆమె మొహం అటు తిప్పేసుకుంది.

అతనికి కూడా అప్పటికే ఒక ముక్క తెలుసు. ఆమె నవ్వితే తన రోజు బాగుంటుంది. నవ్వకపోతే ఆఫీసులో వేసిన గీతలన్నీ వంకరపోతాయి. దీన్ని ఏమంటారో తెలియనంత అమాయకుడేం కాదు. తెలియనట్టు నటించేంత పిరికివాడు, అంతే.

ఒకరోజు సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ షాపు రేకు కింద నిలబడ్డారు. వాన ఆ రేకు మీద డబడబా వాయిస్తూ, శాటిలైట్ ఫొటోలో కనబడ్డ తుప్పులోని చిల్లుల్లోంచి అతని చొక్కా మీదే గురిచూసి కారుతోంది. రోడ్డవతల జనం బస్సు కోసం తడుస్తూ నిలబడ్డారు.

"మీ బస్సుల గురించి వేళాకోళం చేస్తాను గానీ, నాకు అవి రావాలనే ఉంది," అంది ఆమె. "మా దగ్గరకొచ్చే వాళ్ళలో సగం మంది పెద్దవాళ్ళు. శుక్లాలతో, మసక చూపుతో రెండు బస్సులు మారి వస్తారు. స్టాపు మా ఎదురుగా పడితే నేరుగా దిగి లోపలికి వచ్చేయొచ్చు. అందుకే ఆ కుర్చీ వేయించాను. వెనక గోడ జరిపి పిల్లలకు విడిగా ఒక గది కట్టిద్దామనుకుంటున్నాను. స్టాపు ఇక్కడే పడుతుంది కదూ?"

"ఇక్కడే," అన్నాడు అతను.

అది నిజం. స్టాపు ఇక్కడే పడుతుంది. షాపే ఉండదు. ఆ రెండో ముక్క చెప్పడానికి నోరు తెరిచాడు. ఆమె అతని వంక చూసి నవ్వింది. వానలో తడిసిన జుట్టు చెవి వెనక్కి తోసుకుంటూ, తొలిసారిగా వెటకారం కలపకుండా నవ్వింది. తెరిచిన నోరు మూసుకున్నాడు. రేపు చెబుదామనుకున్నాడు. ఇది అతని ఇంకొక తీర్మానం.

ఈలోపు ఆఫీసులో బొమ్మ తయారు చేయాల్సి వచ్చింది. ప్రజలతో మీటింగు పెట్టి ప్లాను చూపించాలి. ప్లాను చూపిస్తే ఎవరికీ అర్థం కాదు, అర్థమైతే మరీ కష్టం. కాబట్టి వీధి రేపు ఎలా ఉంటుందో ఒక పెద్ద రంగుల బొమ్మ చేసి గోడకు వేలాడదీస్తారు. బొమ్మలో ఎండ ఉంటుంది గానీ వేడి ఉండదు. చెట్లుంటాయి, రాలిన ఆకులుండవు. బస్సు ఖాళీగా, శుభ్రంగా వస్తుంది.

ఇలాంటి బొమ్మల్లో అతికించడానికని ఆఫీసు కంప్యూటర్లో కొంతమంది కత్తిరించిన మనుషులున్నారు. అందరూ ఎక్కడివాళ్ళో, పొడుగు కోట్లు తొడుక్కుని చేతిలో కాఫీ కప్పుతో చకచకా నడిచిపోతుంటారు. ఆ ఊళ్ళో ఏ ప్రాజెక్టు వచ్చినా వాళ్ళే. శ్మశానం బాగుచేసినప్పుడు కూడా వాళ్ళే కాఫీ తాగుతూ నడిచారు. ఈసారి డైరెక్టర్ గారికి విసుగొచ్చి, కోట్లవాళ్ళొద్దు, స్థానిక ప్రజలు కావాలి, వాళ్ళ మొహాల్లో ఆనందం ఉట్టిపడాలి, రేపు పొద్దున్నకల్లా కావాలి అని హుకుం జారీ చేశాడు.

స్థానిక ప్రజల ఫొటోలు మన ప్లానర్ దగ్గర బోలెడున్నాయి. మొహం కనబడేవి మాత్రం ఒక్కరివే. వేరేవాళ్ళ ఫొటోలు మళ్ళీ వెళ్ళి తీసుకురావచ్చు, కానీ ఆ ఆలోచన అతనికి ఎందుకో రాలేదు. ఆమెను కత్తిరించి బెంచీ మీద కూర్చోబెట్టాడు. బాగుంది. ఇంకో ఫొటోలోంచి తీసి, దుస్తుల రంగు మార్చి, బస్సెక్కించాడు. అదీ బాగుంది. కుడి ఎడమలు తిప్పేసి చేతికి గొడుగిచ్చాడు. చివరికి సైకిల్ కూడా ఎక్కించి తృప్తిగా వెనక్కి వాలాడు. ఫొటోల్లో ఆమె చిరాగ్గా ఉంది కాబట్టి, నవ్వు కూడా తనే కొంచెం దిద్దాడు. ఇంకెవరూ పోల్చుకోరులే అనుకున్నాడు. పని మీద ప్రేమో, ప్రేమ మీద పనో గానీ ఇంత తెలివితక్కువ పని ప్లానర్లు మాత్రమే చేయగలరు.

మీటింగు ఆ వీధి చివర స్కూలు హాల్లో జరిగింది. డైరెక్టర్ గారు తాడు లాగారు, తెర తొలగింది. పచ్చటి ప్లాజా, చెట్లు, తళతళలాడే స్టాపు. హాలంతా చప్పట్లు కొట్టబోయి, చేతులు గాల్లో ఉండగానే ఆగిపోయింది. ముందు టైలర్ బాబాయ్ నవ్వాడు. తరవాత వెనక వరసలో నవ్వారు. తరవాత అందరూ ఒకేసారి తలలు తిప్పి రెండో వరసలో కూర్చున్న కళ్ళజోళ్ళ అమ్మాయి వంక చూశారు.

ఆమె లేచి నిలబడింది. ముందు బొమ్మలో తన నలుగుర్నీ చూసింది. తరవాత ఆ నలుగురి కాళ్ళ కింద ఏముందో చూసింది. స్కూలు గేటు, దాని పక్కన బస్సుల షెడ్డు, దాని పక్కన తన షాపు ఉండాల్సిన చోట గడ్డి. మొహంలో రంగు మారింది.

"సార్, నాదొక చిన్న సందేహం," అంది డైరెక్టర్ గారితో. "ఇందులో ఉన్న ప్రజలంతా సంతోషంగా ఉన్నారు. మంచిదే. కానీ ఈ ప్రజలంతా నేనే. బెంచీ మీదున్నదీ నేనే, బస్సెక్కేదీ నేనే. నా షాపు తీసేసి, ఆ ఖాళీలో నన్నే గొడుగిచ్చి నిలబెట్టారు. నన్నడిగితే ఈ నలుగుర్లో ఒక్కరు కూడా దీనికి ఒప్పుకోవడం లేదు."

హాలు గొల్లుమంది. డైరెక్టర్ గారు మైకు సరిచేసుకుని, సాంకేతిక కారణాల వల్ల మీటింగు వాయిదా వేస్తున్నామని ప్రకటించారు. తరవాత ప్లానర్ని పక్కకు పిలిచి, వచ్చే మీటింగుకు మొహాలు మార్చుకుని రమ్మన్నారు. మొహాలొక్కటే. ప్లాను ముట్టుకుంటే ఊరుకునేది లేదన్నారు.

అతను తేలు కుట్టిన దొంగలా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అందరూ వెళ్ళాక ఆమె వచ్చింది. అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండేది.

"ఎప్పట్నించి తెలుసు?"

"మొదటిరోజు నుంచీ. నిన్ను... మిమ్మల్ని చూడకముందే రంగు వేసేశాను."

"చూశాక?"

అతను కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"రోజూ వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. పిల్లల గది ఎక్కడ కడతానో గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపించాను. ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"రోజూ చెప్పాలనే వచ్చాను. చెబితే మర్నాడు రావడానికి ఉండదేమోనని చెప్పలేదు."

ఆమె కోపం ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూసింది.

"నా బొమ్మ ఇంకెక్కడా కనబడకూడదు. మీరు కూడా," అని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అతను నిద్రపోలేదని రాస్తే ఇలాంటి కథలకు అందంగా ఉంటుంది గానీ, బాగానే పోయాడు. పొద్దున్నే లేచాక మాత్రం తన మీద తనకే అసహ్యం వేసింది. ఆమె తనతో మాట్లాడకపోయినా ఫరవాలేదు, ఆ షాపు ఉండాలి అనుకున్నాడు. అతని తీర్మానాల్లో నిలబడ్డది ఇదొక్కటే.

సెలవు పెట్టి, కెమెరా ఇంట్లో పడేసి, మ్యాపు చంకన పెట్టుకుని వీధికొచ్చాడు. కళ్ళజోళ్ళ షాపు దాటేటప్పుడు తల వంచుకున్నాడు. పక్కనే టైలర్ బాబాయ్ పిలిచి, నా షాపు పోతే నువ్వే పెట్టిస్తావా కుట్టుమిషను పార్కులో అని కాసేపు కడిగి, తరవాత స్టూలు వేసి కూర్చోబెట్టాడు. అతను మ్యాపు పరిచి ప్లాజా ఇంకెక్కడ పడుతుందా అని స్కేలుతో కొలుస్తూ, తుడుస్తూ, తల గోక్కుంటూ పొద్దుగుంకేదాకా కూర్చున్నాడు. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

చివరికి ఒక నీడ మ్యాపు మీద పడింది.

"టైలర్ బాబాయ్ దగ్గర చోటు లేదంట. కస్టమర్లు మీ మీద కూర్చోబోతున్నారంట," అంది ఆమె, అతన్ని కాకుండా మ్యాపును చూస్తూ. "ఇదేంటి, ఈ బూడిదరంగు?"

వరసలో చివరి షాపుకూ స్కూలుకూ మధ్య ఉన్న పెద్ద ముక్క అది. రోడ్డు మీదికే ఉంటుంది, స్టాపుకు నాలుగడుగుల దూరం.

"అది మా డిపార్టుమెంటు షెడ్డు. పాత బస్సులు పెడతారు."

"పెడతారు కాదు, పారేశారు. నా చిన్నప్పట్నించి అందులోంచి ఒక్క బస్సు బయటకు రాలేదు. లోపల చెట్లు కూడా మొలిచాయి. మీ బొమ్మలో కంటే బాగున్నాయి." వేలు దాని మీద పెట్టింది. "పచ్చరంగు ఇక్కడ వేస్తే ఏమవుతుంది?"

"దాని మీద వేయకూడదు. అది మాది."

ఈ మాట నోట్లోంచి వచ్చాక అతనికే వినబడింది. ఆమె కనుబొమలు పైకెత్తింది.

ఇంతమంది బతుకుతున్న షాపుల వరస తీసేయడం ఆఫీసుకు తేలిక. అది వేరే శాఖవాళ్ళ పని, కాగితం పంపిస్తే చాలు. సొంత తుప్పు జరపాలంటే మాత్రం డైరెక్టర్ గారే కూర్చుని సంతకాలు చేయాలి. అందుకే ఆ బూడిదరంగు వంక ఇన్నాళ్ళూ ఎవరూ కన్నెత్తి చూడలేదు. రంగులు వేసిన ఇతగాడు కూడా చూడలేదు.

"మీ కళ్ళు బంగారమే," అంది ఆమె. "వాడటమే నేర్పలేదు ఎవరూ."

ఆ వారమంతా ఇద్దరూ టేపు పట్టుకుని వీధి కొలిచారు. ఆమె అతనితో పనికి సంబంధించిన మాటలే మాట్లాడింది. టేపు లాగండి. వదలండి. అంత గట్టిగా కాదు. అతను ఆ మాటల్నే నెమరేసుకుంటూ ఇంటికి వెళ్ళేవాడు. షెడ్డులో ప్లాజా సరిపోయింది, సైకిళ్ళకు చోటు మిగిలింది, మొలిచిన చెట్లు అలాగే ఉంచేయొచ్చు. షాపుల ముందు రేకులు తీసి స్టాపుదాకా ఒకే కప్పు వేస్తే, మసక చూపు పెద్దవాళ్ళు బస్సు దిగి ఎండా వానా తగలకుండా కళ్ళజోళ్ళ షాపులోకి వచ్చేయొచ్చు.

ఇక మిగిలింది డైరెక్టర్ గారు. ప్లాను చూపిస్తే ఆయన కళ్ళు తేలేశాడు. షెడ్డు జరపడం అసాధ్యమన్నాడు, ఫైలు ఎక్కడుందో కూడా తెలియదన్నాడు, నీ ఉద్యోగం నీకు బరువైందా అని అడిగాడు.

ప్లానర్ అప్పటికి ఒక సంగతి బాగా నేర్చుకున్నాడు. బొమ్మలో తన మొహం కనబడితే ఏ మనిషీ ఊరుకోడు. "సార్, మీ ఫొటో ఒకటి బొమ్మలో వాడుకోవచ్చా?" అని ఈసారి మర్యాదగా, ముందే, అడిగి మరీ తీసుకున్నాడు. మర్నాడు బొమ్మ బల్ల మీద పెట్టాడు. షెడ్డు ఉండాల్సిన చోట చెట్ల నీడలో ప్లాజా. దాని మధ్యలో రిబ్బను కత్తిరిస్తూ డైరెక్టర్ గారు. పొట్ట కొంచెం తగ్గించాడు, జుట్టు బాగా పెంచాడు.

డైరెక్టర్ గారు ఆ బొమ్మను చాలాసేపు చూసుకున్నారు. నిజానికి ఈ షెడ్డు తరలించాలన్నది నా చిరకాల ఆలోచన అన్నారు. మధ్యాహ్నానికి ఫైలు దొరికింది.

రెండో మీటింగులో తాడు లాగగానే ఈసారి హాలు నిజంగానే చప్పట్లు కొట్టింది. బొమ్మలో షాపుల వరసంతా ఉంది. టైలర్ బాబాయ్ బోర్డు మీద పోయిన అక్షరంతో సహా ఉంది. ఆయన కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందని ఎవరూ అడగకుండానే చెప్పాడు. డైరెక్టర్ గారు తన చిరకాల ఆలోచన గురించి ప్రసంగించారు. అందరూ ఆయన జుట్టు వంకా, బొమ్మలో జుట్టు వంకా మార్చి మార్చి చూస్తూ ఓపిగ్గా విన్నారు.

హాలు ఖాళీ అయింది. ప్లానర్ బొమ్మ చుట్టబోతుంటే, ఉంచండి అని వినబడింది. ఆమె, వెనకాలే ఆమె నాన్న.

"షాపు వేశారు," అంది ఆమె బొమ్మ దగ్గరకొచ్చి. "బోర్డు వేశారు. తలుపు కూడా తెరిచి పెట్టారు. లోపల ఎవరూ లేరేం? ఇలా వదిలేసిపోతే దొంగలు పడరా?"

"మీ బొమ్మ ఇంకెక్కడా కనబడకూడదన్నారు కదా."

"అన్నాను. అప్పుడు నన్నడగలేదు కాబట్టి అన్నాను."

అతను జేబులో స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు, ధైర్యానికి.

"అయితే ఇప్పుడు అడుగుతున్నాను. మీరు బొమ్మలో ఉండాలి. ఒక్కచోటే చాలు, తలుపు దగ్గర. ఇంకా... బొమ్మలోనే కాదు. మీరంటే నాకు ఇష్టం. ఆ కళ్ళజోడు అవసరం నాకెప్పుడూ లేదు."

"ఆ సంగతి మీరు ప్రెస్సు పేరు చదివినప్పుడే తెలుసు," అంది. అని తల వంచుకుంది. చెవుల దాకా ఎర్రబడింది. ఎప్పుడూ ముందే సిద్ధంగా ఉండే మాట ఈసారి రావడానికి కొంచెం టైము పట్టింది. "ఇష్టం లేకపోతే ఊడిన స్క్రూలన్నీ నేనెందుకు బిగిస్తూ కూర్చుంటాను? మొదటిదానికి నేను ఒప్పుకుంటున్నాను. రెండోదానికి కూడా ఒప్పుకుంటున్నాను గానీ, నాన్నను అడగండి."

నాన్న అప్పటిదాకా జేబులన్నీ తడుముకుంటున్నాడు.

"నన్నడిగేదేముంది బాబూ. జోడు లేకుండానే నాకు ఎప్పుడో కనబడింది," అన్నాడు. "మీ అమ్మానాన్నల్ని తీసుకురా. మాట్లాడుకుందాం. ఒక్కటే షరతు. నా షాపుకు ఇంకెప్పుడూ పచ్చరంగు వేయొద్దు."

"మీ జోడు నుదుటి మీద ఉంది మామయ్యగారూ," అన్నాడు అతను. ఆ పిలుపుకు ఆమె మొహం తిప్పుకుని నవ్వింది.

మర్నాడు పొద్దున్న అతను కెమెరా పట్టుకుని వచ్చాడు. ఆమె బోర్డు కింద చేతులు కట్టుకుని నిలబడింది.

"పక్కకు జరగాలా? ఫ్రేములో పడుతున్నానేమో."

"జరగొద్దు," అన్నాడు అతను. "అక్కడే ఉండండి."

"ఎన్నాళ్ళు?"

అతను జవాబు చెప్పేలోపు నాన్న వచ్చి చేతిలోంచి కెమెరా లాక్కుని, నువ్వు కూడా వెళ్ళి నిలబడవయ్యా అని తోశాడు. జోడు నుదుటి మీదే ఉంచుకుని ఫొటో తీశాడు. అందులో బోర్డు సగమే పడింది, టైలర్ బాబాయ్ మోచెయ్యి అనవసరంగా పడింది, వాళ్ళిద్దరూ మసగ్గా ఉన్నారు.

ప్రజలకు చూపించే బొమ్మకు ఇది పనికిరాదని డైరెక్టర్ గారు తేల్చేశారు. అందుకని బొమ్మలో కళ్ళజోళ్ళ షాపు తలుపు ఇప్పటికీ ఖాళీగానే తెరిచి ఉంటుంది. ఫొటో మాత్రం షాపు లోపల, అక్షరాల పలక పక్కన వేలాడుతోంది. బస్సు దిగి నేరుగా వచ్చిన పెద్దవాళ్ళు పరీక్ష కుర్చీలో కూర్చుని, అమ్మా ఆ ఫొటోలో ఎవరో సరిగ్గా ఆనడం లేదు, నా చూపు బాగా తగ్గినట్టుంది అని కంగారుపడుతుంటారు. కంగారేం లేదు, మీకు సరిగ్గానే కనబడుతోందని చెప్పి, ఆమె లైటు తీసేసి పరీక్ష మొదలుపెడుతుంది.